సోపాన చిత్రాల తరగతుల పునర్విభజన

సోపాన చిత్రం లేదా హిస్టోగ్రామ్ తరగతుల పునర్విభజన అనగా, ఒక వరుస తరగతులలో లెక్కించి ఉంచిన పౌనఃపున్యాలను, హద్దులు వేరుగా ఉన్న మరొక వరుస తరగతులలోకి మార్చే పద్ధతి. శాస్త్రజ్ఞుల వాడుకలో తరగతులను బిన్‌లు అనీ, ఈ మార్పును రీబిన్నింగ్ అనీ అంటారు. కొత్త హద్దులన్నీ పాత హద్దులలోనే ఉన్నట్లయితే ఇది కేవలం కూడిక. కొత్త హద్దు పాత తరగతి నడుమ పడినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆ తరగతిలోని అంశాలలో ఎన్ని హద్దుకు ఇటు ఉన్నాయో, ఎన్ని అటు ఉన్నాయో పట్టికలో ఉండదు. లెక్కించిననాడే ఆ సమాచారం పోయింది. దాని స్థానంలో ఏదో ఒక ఊహను నిలపక తప్పదు. పునర్విభజన పద్ధతుల మధ్య ఉన్న తేడా అంతా ఆ ఊహలో ఉన్న తేడాయే.

హిస్టోగ్రామ్ అనే పేరును 1890లలో కార్ల్ పియర్సన్ వాడుకలోకి తెచ్చాడు. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలలో దీనిని సోపాన చిత్రమని పిలుస్తారు. ఇందులో దీర్ఘచతురస్రపు ఎత్తు కాక వైశాల్యం పౌనఃపున్యాన్ని తెలుపుతుంది. తరగతులన్నీ సమాన వెడల్పుతో ఉంటే ఈ భేదం కనబడదు. వెడల్పులు వేరైనపుడు మాత్రం పౌనఃపున్యాన్ని వెడల్పుతో భాగించగా వచ్చే సాంద్రతను ఎత్తుగా గీయవలెను. పునర్విభజనలో పంచేది వైశాల్యాన్నే కాబట్టి ఈ విషయాన్ని మొదటినుండి గుర్తుంచుకోవాలి.

తరగతులు ఎందుకు కలవవు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాలగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దీనికి ఇప్పటి పేరు వచ్చింది. భారతీయులు రోజుకు ఎంత శక్తి, ఎంత మాంసకృత్తులు తీసుకోవాలో చెప్పే సిఫారసులు ఇక్కడే తయారవుతాయి. పిల్లల విషయంలో ఆ సిఫారసులు 1–3, 4–6, 7–9, 10–12, 13–15, 16–18 సంవత్సరాల తరగతులలో ఉంటాయి. చివరి తరగతి 2010 నాటి సిఫారసులలో 16–17గా ఉండేది, 2020లో 16–18 అయినది. అంటే ఒకే సంస్థ ప్రచురించిన రెండు పట్టికలకే హద్దులు కలవవు.

జనగణన శాఖవారు ప్రచురించే వయసు పట్టిక మరొక తీరున ఉంటుంది. అందులో తరగతులు 0–4, 5–9, 10–14, 15–19 అని ఐదేసి సంవత్సరాలకు ఒకటి. రెండు వరుసల హద్దులను పక్కపక్కన వ్రాసి చూస్తే, పోషకాహార తరగతుల హద్దులు 1, 4, 7, 10, 13, 16, 19. జనగణన హద్దులు 0, 5, 10, 15, 20. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది 10 ఒక్కటే. కాబట్టి ఈ రెండు పట్టికలను ఏ ఊహా లేకుండా పోల్చగలిగే స్థలం పదవ పుట్టినరోజు దగ్గర మాత్రమే ఉన్నది.

ఇతర అవసరాలు మరిన్ని హద్దులను తెచ్చిపెడతాయి. విద్యాహక్కు చట్టం (2009) 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు వర్తిస్తుంది. జనగణనలో అక్షరాస్యతను 7 సంవత్సరాలు, ఆపై వయసు వారికి లెక్కిస్తారు. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య 3 నుండి 6 సంవత్సరాల వారికి. ప్రతి హద్దుకూ దాని కారణం దానికి ఉన్నది, ఏదీ తప్పు కాదు. కాని ఒక బస్తీలో ఎందరు పిల్లలకు ఎంత ఆహారం కావాలన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఈ పట్టికలన్నిటినీ ఒకదానితో మరొకటి గుణించవలసి వస్తుంది. 2010 సిఫారసుల ప్రకారం 4–6 ఏండ్ల బిడ్డకు రోజుకు 1350 కిలోకాలరీలు, 7–9 ఏండ్ల బిడ్డకు 1690 కిలోకాలరీలు అవసరం. పట్టికలో ఒక బిడ్డ పక్క తరగతిలోకి జరిగితే రోజుకు 340 కిలోకాలరీల తేడా వస్తుంది.

హద్దులు కలిసినపుడు

పాత తరగతులు చిన్నవై, కొత్త తరగతులలో పూర్తిగా ఇమిడిపోయినపుడు ఫలితం ఖచ్చితంగా ఉంటుంది. జనగణనలో ఒక్కొక్క సంవత్సరం వయసుకు విడివిడిగా లెక్క ఇచ్చే పట్టిక కూడా ఉన్నది. అది దొరికినచోట 4, 5, 6 సంవత్సరాల వారిని కూడితే 4–6 తరగతి వచ్చేస్తుంది. పునర్విభజన సూత్రాల కోసం వెదికే ముందు ఇటువంటి సన్నటి పట్టిక ఉన్నదేమో చూడడం మొదటి పని. చాలా సందర్భాలలో అది ఉంటుంది, కాని ఎవరూ చూడరు.

తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ దీనికి మంచి ఉదాహరణ. 2014 జూన్ 2న 10 జిల్లాలతో ఏర్పడిన రాష్ట్రంలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 31కి పెరిగింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయినవి. 2011 జనగణన మాత్రం పాత జిల్లాల వారీగా జరిగింది. పాత జిల్లా జనాభాను వైశాల్యం ప్రకారం కొత్త జిల్లాలకు పంచితే నగరం, అడవి ఒకే సాంద్రతతో ఉన్నట్లు తేలుతుంది. గ్రామాల స్థాయిలో లెక్కలు ఉన్నాయి కాబట్టి ఆ అవస్థ తప్పింది. గ్రామాలను కూడి మండలాలు, మండలాలను కూడి జిల్లాలు తిరిగి కట్టవచ్చును. మండలస్థాయి లెక్కలు మాత్రమే ఉండి ఉంటే కొన్నిచోట్ల ఇది కుదిరేది కాదు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినపుడు భద్రాచలం మండలం చాలావరకు అటు వెళ్ళగా భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. అక్కడ కొత్త హద్దు పాత తరగతిని కోసివేసింది, కాని ఇంకా సన్నటి తరగతులు అడుగున ఉన్నందున నష్టం జరగలేదు.

సమాన పంపకం

సన్నటి పట్టిక లేనపుడు వాడే అతి సులువైన ఊహ, ప్రతి పాత తరగతిలోను అంశాలు సమానంగా పరచుకొని ఉన్నాయన్నది. కొత్త తరగతి పాత తరగతిలో ఎంత భాగాన్ని కప్పుతుందో, పాత పౌనఃపున్యంలో అంత భాగం దానికి చెందుతుంది.

తార్నాకకు సమీపంలోని వారాసిగూడ వంటి ఒక బస్తీలో వయసు పట్టిక ఇలా ఉన్నదనుకుందాం (సంఖ్యలు లెక్క సులువుగా ఉండేందుకు ఊహించినవి, అక్కడి జనాభా లెక్కలు కావు): 0–4 వయసువారు 900, 5–9 వయసువారు 1000, 10–14 వయసువారు 1050, 15–19 వయసువారు 950. మొత్తం 3900.

4–6 తరగతి అంటే నాలుగవ పుట్టినరోజు నుండి ఏడవ పుట్టినరోజు ముందు వరకు. ఇందులో ఒక సంవత్సరం 0–4 తరగతిలోను, రెండు సంవత్సరాలు 5–9 తరగతిలోను ఉన్నవి. కావున 900లో ఐదవ వంతు 180, 1000లో ఐదింట రెండు వంతులు 400, వెరసి 580. ఇదే పద్ధతిలో 1–3 తరగతికి 540, 7–9కి 600, 10–12కి 630, 13–15కి 420 + 190 = 610, 16–18కి 570 వస్తాయి. ఏడాది నిండనివారు 180, పందొమ్మిదేళ్ళవారు 190 మిగులుతారు. అన్నిటినీ కూడితే తిరిగి 3900. ఈ చివరి కూడిక తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష. మొత్తం మారిపోయే ఏ పునర్విభజన పద్ధతినీ అంగీకరించరాదు.

హద్దుల అర్థం విషయంలో విద్యార్థులు తరచుగా పొరపడుతుంటారు. పాఠ్యపుస్తకాలలో 5–9, 10–14 వంటి తరగతులను 4.5–9.5, 9.5–14.5 అని సవరించడం నేర్పుతారు. కొలతను దగ్గరి పూర్ణాంకానికి సవరించి వ్రాసినపుడు అది సరి. వయసును మాత్రం నిండిన సంవత్సరాలలో చెబుతారు. తొమ్మిదేళ్ళ పదకొండు నెలల బిడ్డ వయసు తొమ్మిదే. కాబట్టి ఇక్కడ 5–9 తరగతి నిజమైన హద్దులు 5, 10. రెండు పట్టికలనూ ఒకే విధంగా సవరించితే పంపకం మారదు. ఒకదానిని సవరించి రెండవదానిని వదిలివేస్తే, పై ఉదాహరణలో 4–6 తరగతికి 900లో పదవ వంతు 90, 1000లో సగం 500 చేరి 590 వస్తుంది. పదిమంది పిల్లలు ఎక్కడినుండో వచ్చినట్లు కనబడుతుంది. మొత్తం తప్పకపోవచ్చును గనుక ఈ పొరపాటును కూడిక పరీక్ష పట్టుకోలేదు.

సంచిత పౌనఃపున్య వక్రం

అదే లెక్కను ఓజీవ్ వక్రం ద్వారా చేయడం మరింత సౌకర్యం. ప్రతి హద్దుకు ముందు ఎందరు ఉన్నారో వ్రాయాలి: 0 వద్ద 0, 5 వద్ద 900, 10 వద్ద 1900, 15 వద్ద 2950, 20 వద్ద 3900. ఈ బిందువులను సరళరేఖలతో కలిపి, కొత్త హద్దుల వద్ద విలువలు చదవాలి. 4 వద్ద 720, 7 వద్ద 1300. వాటి భేదం 580, అంటే మునుపటి జవాబే.

ఈ దృష్టితో చూసినపుడు రెండు సంగతులు తేటపడతాయి. మొదటిది, పాత హద్దుల వద్ద వక్రం విలువ ఖచ్చితంగా తెలుసు, ఊహ వాటి మధ్యనే ఉన్నది. రెండవది, బిందువులను ఏ వక్రంతో కలిపినా, అది ఆ బిందువుల గుండా పోయినంతకాలం మొత్తం దానంతటదే నిలిచి ఉంటుంది. కాబట్టి మెరుగైన పద్ధతి కావాలంటే మెరుగైన వక్రం కావాలి. కాని అది ఎక్కడా కిందికి దిగరాదు. దిగితే ఆ భాగంలో మనుషుల సంఖ్య ఋణాత్మకమవుతుంది. సాధారణ ఘన స్ప్లైన్ వక్రాలు ఎత్తుపల్లాలు హఠాత్తుగా మారేచోట ఈ తప్పు చేస్తాయి. 1980లో ఫ్రిచ్, కార్ల్‌సన్ అనే గణితజ్ఞులు ప్రతిపాదించిన ఏకదిశా ఘన వక్రం ఎక్కడా వెనుదిరగదు గనుక దీనికి ఎక్కువగా వాడుతున్నారు.

వాలును లెక్కించడం

సమాన పంపకంలో ఒక అసహజత్వం ఉన్నది. 0–4లో ఏడాదికి 180 మంది, 5–9లో ఏడాదికి 200 మంది అన్నపుడు ఐదవ పుట్టినరోజున జనాభా ఒక్క గెంతు గెంతినట్లవుతుంది. పక్క తరగతులను చూసి తరగతి లోపల వాలును అంచనా వేయవచ్చును. 5–9కి ఇరుపక్కల సగటులు 180, 210. వాటి మధ్య దూరం పది సంవత్సరాలు. కాబట్టి ఏడాదికి 3 చొప్పున పెరుగుదల. 5 నుండి 9 వరకు 194, 197, 200, 203, 206 అని పంచితే మొత్తం 1000కి సరిపోతుంది. 0–4కి ఒకవైపే పొరుగు ఉన్నది గనుక ఏడాదికి 4 పెరుగుదల తీసుకుంటే 172, 176, 180, 184, 188 వస్తాయి. అపుడు 4–6 తరగతికి 188 + 194 + 197 = 579. సమాన పంపకం 580 ఇచ్చింది. 7–9కి మాత్రం 600 బదులు 609.

జనాభా శాస్త్రంలో ఇదే ఆలోచన చాలాకాలంగా ఉన్నది. బీమా గణితజ్ఞుడు థామస్ బాండ్ స్ప్రాగ్ 1880లో ప్రతిపాదించిన అంతర్వేశన సూత్రం నుండి వచ్చిన స్ప్రాగ్ గుణకాలు, 1940లలో హెన్రీ బీర్స్ రూపొందించిన గుణకాలు, ఐదేళ్ళ తరగతులను ఒక్కొక్క సంవత్సరానికి విడగొట్టడానికి నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి ఇరుగుపొరుగు తరగతులను కూడా చూసి వంపును సైతం అనుసరిస్తాయి. అయితే చిన్న ప్రాంతాల హెచ్చుతగ్గుల లెక్కల మీద ప్రయోగిస్తే ఇవీ అప్పుడప్పుడు ఋణ సంఖ్యలను ఇస్తాయి. ఒక వార్డు జనాభాకు స్ప్రాగ్ గుణకాలు వాడడం కన్నా సమాన పంపకమే మేలు.

అంతకన్నా మంచి మార్గం మరొకటి ఉన్నది. వార్డు స్థాయిలో జనగణన ప్రాథమిక సారాంశ పట్టికలో 0–6 వయసు పిల్లల సంఖ్య మాత్రమే ఉంటుంది. ఒక్కొక్క సంవత్సరం లెక్క జిల్లా స్థాయిలో దొరుకుతుంది. జిల్లాలో 0–6 వారిలో 4–6 వారు ఎంత భాగమో తెలుసుకొని, ఆ భాగాన్ని వార్డుకు వర్తింపజేయవచ్చును. ఇక్కడ తరగతి లోపలి ఆకృతి గణితసూత్రం నుండి కాక పెద్ద ప్రాంతం నుండి అరువు వస్తుంది. విద్యార్థి వసతి గృహాలతో నిండిన వార్డుకు పెద్దల వయసుల విషయంలో ఈ అరువు పనికిరాదు. పిల్లల విషయంలో సాధారణంగా పనికివస్తుంది.

వయసుల గుట్టలు

ఒక్కొక్క సంవత్సరం పట్టిక ఉన్నా సమస్య పూర్తిగా తీరదు. భారత జనగణనలలో వయసు చెప్పేవారు 0, 5 అంకెలతో ముగిసే వయసుల వైపు మొగ్గుతారు. పుట్టిన తేదీ తెలియనివారు ముప్పై, నలభై, అరవై అని చెబుతారు. పిల్లల విషయంలో 8, 10, 12 వంటి సరిసంఖ్యల వైపు కూడ మొగ్గు కనబడుతుంది. ఈ గుట్టల ఎత్తును కొలవడానికి విపుల్ సూచిక ఉన్నది. 23 నుండి 62 వరకు వయసువారిలో 0, 5 తో ముగిసే వయసులు చెప్పినవారి వాటాను ఇది చూస్తుంది. మొగ్గు ఏమీ లేకుంటే 100, అందరూ ఆ వయసులే చెబితే 500.

పోషకాహార తరగతులలో 10–12లో 10, 12 రెండూ ఉన్నాయి. 7–9లో 8 ఒక్కటే. ఒక్కొక్క సంవత్సరం లెక్కలను యథాతథంగా కూడితే 10–12 వయసు పిల్లలు ఎక్కువగాను, 7–9 వయసు పిల్లలు తక్కువగాను తేలే అవకాశమున్నది. పదేళ్ళని చెప్పబడిన తొమ్మిదేళ్ళ బిడ్డ అసలు తరగతి వేరు. ఐదేళ్ళ తరగతి నుండి నునుపైన వక్రంతో తిరిగి పంచినపుడు ఈ గుట్టలు కొంతవరకు అణగిపోతాయి. అంటే సన్నటి పట్టిక ఎల్లప్పుడూ మెరుగు కాదు. తరగతులను 3–7, 8–12 అని గుట్ట మధ్యలో ఉండేలా అమర్చితే ఇటువైపు నుండి జరిగినవారు, అటువైపు నుండి జరిగినవారు అదే తరగతిలో ఉండిపోతారు. జనాభా శాస్త్రజ్ఞులు ఈ సూచన చేసినా, 0–4, 5–9 వరుస అంతర్జాతీయంగా స్థిరపడినందున వాడుక మారలేదు.

నిటారుగా పడిపోయే పంపిణీలు

పిల్లల వయసుల వంటి మెల్లగా మారే పంపిణీలలో ఏ పద్ధతి వాడినా పెద్ద తేడా రాదు. భూకంపాల విషయం అలా కాదు. తార్నాక నుండి ఉప్పల్ వెళ్ళే దారిలో 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. 1967 డిసెంబరులో మహారాష్ట్రలో సంభవించిన కొయనా భూకంపం తరువాత ఆ ప్రాంతపు భూకంపాలను ఈ సంస్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. భూకంపాల సంఖ్యకు, పరిమాణానికి ఉన్న సంబంధాన్ని గుటెన్‌బర్గ్–రిక్టర్ సూత్రం చెబుతుంది. స్థూలంగా, పరిమాణం ఒక అంకె పెరిగినపుడు భూకంపాల సంఖ్య పదవ వంతుకు తగ్గుతుంది.

ఒక పాత జాబితాలో 4 నుండి 5 వరకు పరిమాణం గల భూకంపాలు 100 అని మాత్రమే ఉన్నదనుకుందాం. దానిని 4.5 వద్ద విడగొట్టవలెను. సమాన పంపకం 50, 50 అంటుంది. గుటెన్‌బర్గ్–రిక్టర్ సూత్రం ప్రకారం చిన్నవి 76, పెద్దవి 24. సమాన పంపకం పెద్ద భూకంపాల సంఖ్యను రెట్టింపు కన్నా ఎక్కువ చేసి చూపుతుంది. ఆనకట్టలు, ఎత్తైన భవనాల రూపకల్పన ఆ పెద్దవాటి సంఖ్య మీదనే ఆధారపడుతుంది. ఆదాయాలు, పట్టణాల జనాభా, కమతాల విస్తీర్ణం వంటివి కూడ ఈ కోవకే చెందుతాయి. ఇటువంటి చోట్ల తరగతి లోపల తగిన సూత్రాన్ని, లేదా కనీసం పౌనఃపున్యాల సంవర్గమానాలపై సరళరేఖను ఊహించవలెను.

హద్దుల అర్థం ఇక్కడ మళ్ళీ మారుతుంది. పరిమాణాన్ని దగ్గరి దశాంశానికి సవరించి వ్రాస్తారు. 4.0 అంటే 3.95 నుండి 4.05 వరకు. వయసులకు వర్తించని అర్ధాంశ సవరణ ఇక్కడ వర్తిస్తుంది.

శాతాలు, సగటులు

ఇంతవరకు చెప్పినదంతా లెక్కించిన సంఖ్యలకే. శాతాలను ఇలా పంచరాదు. 5–9 తరగతిలో 30 శాతం పిల్లలు వయసుకు తగిన ఎత్తు లేనివారైతే, అందులో ఐదింట రెండు వంతులు 12 శాతం అనడం అర్థరహితం. ఎత్తు తక్కువైన పిల్లల సంఖ్యను, మొత్తం పిల్లల సంఖ్యను విడివిడిగా పునర్విభజించి, ఆ తరువాత శాతం కట్టవలెను. సగటు బరువు, అక్షరాస్యత రేటు, మరణాల రేటు అన్నిటికీ ఇదే నియమం. ప్రచురితమైన నివేదికలో శాతం మాత్రమే ఇచ్చి తరగతిలోని మొత్తం సంఖ్యను ఇవ్వకపోతే ఇది సాధ్యపడదు. సర్వే నివేదికలలో ఈ లోపం సర్వసాధారణం.

దోషాల లెక్క

నాలుగు పాత తరగతుల నుండి ఎనిమిది కొత్త తరగతులు పుట్టినా, తెలిసిన సంఖ్యలు నాలుగే. ఈ చిన్న సంగతిని మరచిపోవడం వలన వచ్చే తప్పులే పునర్విభజనలో ప్రమాదకరమైనవి. ఎందుకనగా తుది పట్టిక చూడడానికి మామూలు పట్టికలాగే ఉంటుంది.

యాదృచ్ఛికంగా వచ్చి పడే అంశాల సంఖ్యకు దోషం దాని వర్గమూలమంత ఉంటుంది. 1000కి సుమారు 32. ఈ 1000ని ఐదు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 200, దోషం 32లో ఐదవ వంతు, అంటే 6.3. ఈ ఐదూ ఒకే సంఖ్య నుండి వచ్చినవి. అసలు సంఖ్య ఎక్కువైతే ఐదూ కలిసి ఎక్కువవుతాయి. వీటిని స్వతంత్రమైనవిగా భావించి దోషాలను కలిపితే 14 వస్తుంది. నిజమైన దోషం 32. సగానికన్నా తక్కువగా చూపినట్లయింది. ఈ కారణం చేత పునర్విభజించిన పట్టికపై కై-వర్గ పరీక్ష చేసేటపుడు కొత్త తరగతుల సంఖ్యను స్వాతంత్ర్య పరిమితులుగా లెక్కించరాదు. తరగతుల మధ్య సహవిస్తృతిని కూడ పట్టికతోపాటు ఉంచుకోవాలి. అది వీలుకాకపోతే పరీక్షను పాత తరగతులలోనే చేయడం ఉత్తమం. సిద్ధాంతం ఊహించిన వక్రాన్ని పాత తరగతులలోకి కూడడం ఎల్లప్పుడూ సాధ్యమే, దానికి ఏ ఊహా అక్కరలేదు.

పునర్విభజన వెనక్కు తిరగదు. పైన వచ్చిన పోషకాహార తరగతులను మళ్ళీ సమాన పంపకంతో ఐదేళ్ళ తరగతులకు మార్చితే 0–4కి 913, 5–9కి 987, 10–14కి 1037, 15–19కి 963 వస్తాయి. మొత్తం 3900 నిలిచింది, కాని 900, 1000, 1050, 950 అన్న అసలు సంఖ్యలు పోయాయి. శిఖరం తగ్గింది, లోయ పూడింది. ప్రతి మార్పులోను అంశాలు తమ తరగతి అంతటా పరచబడుతూ ఉంటాయి. తరగతి వెడల్పు వలన విస్తృతి ఎంత పెరుగుతుందో 1898లో షెపర్డ్ లెక్కకట్టాడు. అది వెడల్పు వర్గంలో పన్నెండవ వంతు. ఐదేళ్ళ తరగతికి ఇది 2.08. కాబట్టి ఒకరు మార్చిన పట్టికను మరొకరు మళ్ళీ మార్చడం కన్నా ప్రతిసారి మూల పట్టికకు వెళ్ళడం మంచిది.

వర్ణపటాలు, పటాలు

ఖగోళ శాస్త్రంలో ఈ పని నిత్యకృత్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు రంగాపూర్ వద్ద నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని వంటి పరికరాలతో నక్షత్ర వర్ణపటాన్ని తీసినపుడు, కాంతి శోధకంలోని గళ్ళలో పడుతుంది. ఒక్కొక్క గడికి ఎదురయ్యే తరంగదైర్ఘ్యపు వ్యాప్తి రాత్రికి రాత్రికి కొద్దిగా మారవచ్చును. వేర్వేరు రాత్రుల వర్ణపటాలను కలపాలంటే అన్నిటినీ ఒకే వరుసలోకి మార్చవలెను. ఇక్కడ నిలపవలసినది మొత్తం కాంతి. మార్చిన తరువాత పక్కపక్క గళ్ళలోని రొదకు సహసంబంధం ఏర్పడి, వర్ణపటం ఉన్నదానికన్నా నునుపుగా కనబడుతుంది. హబుల్ దూరదర్శిని చిత్రాలను కలపడానికి ఫ్రుక్టర్, హుక్ రూపొందించిన డ్రిజిల్ పద్ధతి కూడ ఇదే పంపకాన్ని రెండు దిశలలో చేస్తుంది. ఆ పద్ధతిని వివరించిన 2002 నాటి వ్యాసంలోనే రొద సహసంబంధం గురించి హెచ్చరిక ఉన్నది.

భూగోళ పటాలలో తరగతి అంటే ఒక ప్రాంతం. పిన్‌కోడ్ ప్రాంతాలు తపాలా పంపిణీ కోసం, వార్డులు ఎన్నికల కోసం, పోలీసు స్టేషన్ల పరిధులు మరొక అవసరం కోసం గీయబడినవి. తార్నాక, వారాసిగూడ వంటి చోట్ల ఈ మూడు గీతలూ వేర్వేరు వీధుల వెంట పోతాయి. వైశాల్యాన్నిబట్టి పంచితే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఖాళీ భూమికి కూడ వారాసిగూడ గల్లీలంత జనసాంద్రత అంటగట్టినట్లవుతుంది. 1979లో వాల్డో టోబ్లర్ ప్రతిపాదించిన పద్ధతిలో ప్రతి ప్రాంతపు మొత్తాన్ని నిలుపుతూ, సాంద్రతను మాత్రం ప్రాంతం నుండి ప్రాంతానికి నునుపుగా మారేలా పలుమార్లు సరిచేస్తారు. ఇళ్ళున్న స్థలాల పటం దొరికితే దానినిబట్టి పంచడం ఇంకా మేలు.

సాఫ్ట్‌వేర్‌లో

సెర్న్ సంస్థలో తయారై కణభౌతిక శాస్త్రంలో విస్తారంగా వాడబడుతున్న రూట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తరగతులను మార్చే ఆజ్ఞ ఉన్నది. కొత్త హద్దు పాత తరగతి నడుమ పడితే అది పాత తరగతిని విడగొట్టదు. అందులోని మొత్తాన్ని రెండు కొత్త తరగతులలో దిగువదానికి చేర్చి, ఒక హెచ్చరికను చూపుతుంది. పై ఉదాహరణలో ఇలా చేస్తే 5–9లోని 1000 మందీ 4–6 తరగతిలోకి పోయి, 7–9 తరగతి ఖాళీ అవుతుంది. ఊహ ఏదో నిర్ణయించవలసింది పరిశోధకుడే గనుక సాఫ్ట్‌వేర్ ఆ పని తన మీద వేసుకోకపోవడం సమంజసమే. కాని హెచ్చరికలను చదవకుండా వందల చిత్రాలను ఒకేసారి గీసే అలవాటు ఉన్నచోట ఇది కంటబడదు.

కొన్ని సందర్భాలలో భిన్న సంఖ్యలు పనికిరావు. అపుడు పాత తరగతిలోని ప్రతి అంశానికి తరగతి లోపల ఒక యాదృచ్ఛిక స్థానం ఇచ్చి, కొత్త తరగతులలో తిరిగి లెక్కిస్తారు. ఫలితం పూర్ణసంఖ్యలలో ఉంటుంది, మొత్తం నిలుస్తుంది, వర్గమూలపు దోషం కూడ సహజంగా కనబడుతుంది. అయితే ప్రతిసారి జవాబు కొద్దిగా మారుతుంది. దీనిని అనేకసార్లు చేసి చూస్తే ఊహించిన ఆకృతికి చుట్టూ సంఖ్య ఎంత ఊగిసలాడుతుందో తెలుస్తుంది. ఊహించిన ఆకృతే తప్పయితే దీనితో ఏమీ తెలియదు. అందుకే సమాన పంపకం, వాలు పంపకం, అరువు ఆకృతి వంటి రెండు మూడు ఊహలతో విడివిడిగా లెక్కించి, వాటి మధ్య తేడాను పట్టిక కింద వ్రాయడం వాడుక. పై బస్తీలో 4–6 తరగతికి ఆ తేడా ఒక్కరే, 7–9కి తొమ్మిదిమంది.